ఒక్క మేకూ కొట్టకుండా గోడనిండా చుక్కలు

పిల్లలూ, క్వార్టర్లలో ఉండేవాళ్ళందరికీ మేకు రంధ్రం సంగతి తెలుసు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఒకరు వచ్చి గోడలన్నీ తడిమి చూస్తారు. ఒక ఊళ్ళో మేము క్వార్టరు అప్పగించేటప్పుడు ముందుగదిలో పదకొండు రంధ్రాలు లెక్క తేలాయి. వాటిలో ఏడు మాకంటే ముందున్నవాళ్ళవి. ఆ మాట ఎవరు వింటారు? పదకొండింటికీ మేమే డబ్బు కట్టాం. అప్పటినుంచి మేము క్యాలెండరు కూడా కిటికీ ఊచకే కట్టుకుంటున్నాం.

ఈ ఏడాది మా బడి వార్షికోత్సవానికి ఒక్కో భాషా విభాగానికి ఒక్కో గది ఇచ్చారు. అన్ని గదులకూ అంశం ఒకటే: రెట్రో. అంటే మీ తాతయ్యలు, అమ్మమ్మలు కుర్రకారుగా ఉన్న 1970లు, 80ల కాలం. షరతు కూడా ఒకటే: గోడలకు కొత్తగా రంగు వేశారు కాబట్టి మేకు కొట్టకూడదు, టేపు అంటించకూడదు. మాది బ్రహ్మపుత్ర ఒడ్డున ఒక ఊరు. తెలుగు చదివేవాళ్ళు పద్నాలుగు మంది. గది ఎలా అలంకరిద్దాం అని మాట్లాడుకుంటూ, ఇంట్లో మీ మీ గదుల్లో ఏం పెట్టుకున్నారో చెప్పండి అని అడిగాం. ఒకరు క్రికెటర్ బొమ్మ అన్నారు, ఒకరు నెమలీకలు అన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, ఇది ఆమెకు ఐదో బడి, "ఏమీ పెట్టలేదు మేడమ్, ఎలాగూ వెళ్ళిపోతాం కదా" అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. మేమూ అలాగే ఉంటున్నాం మరి. ఆ పిల్ల మాట మనసులో పెట్టుకునే ఈ పాఠం రాస్తున్నాం.

గోడను ముట్టుకోకుండా గోడను అలంకరించాలి. అది వెలుగు ఒక్కటే చేయగలదు. 80ల సినిమా పాటల్లో పైకప్పు నుంచి వేలాడుతూ తిరిగే అద్దాల బంతి మీకు గుర్తుండే ఉంటుంది. దాన్నే చేద్దామనుకున్నాం.

అందరూ దాన్ని డిస్కో బంతి అంటారు గానీ, వయసులో అది డిస్కో కంటే చాలా పెద్దది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, చార్లెస్‌టౌన్‌లో విద్యుత్ కార్మికుల సంఘం చేసుకున్న ఒక వేడుకలో అద్దాల బంతి మీదికి కార్బన్ ఆర్క్ దీపపు వెలుగు వేశారని 1897 నాటి వాళ్ళ పత్రికలో ఉంది. 1917లో లూయీ బెర్నార్డ్ వోస్టె ఇలాంటి బంతికి పేటెంటు పొందారు. 1920లలో దాన్ని 'మిరియడ్ రిఫ్లెక్టర్' అనే పేరుతో అమ్మారు. వేలకొద్దీ ముక్కలుగా వెలుగును తిప్పికొట్టేది అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. బెర్లిన్ నగరం మీద 1927లో వచ్చిన ఒక మూకీ చిత్రంలో నాట్యశాల దృశ్యంలో కూడా ఈ బంతి కనిపిస్తుంది. అప్పటికి డిస్కో అనే మాటే లేదు.

ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో 'బిబ్లియోతెక్' అంటే గ్రంథాలయం. అదే అచ్చులో పోసిన మాట 'డిస్కోతెక్', అంటే గ్రామఫోను రికార్డులు దాచుకునే చోటు. వాద్యబృందాన్ని పిలవకుండా రికార్డులు వేసుకుని నాట్యం చేసే చోటికి ఆ పేరు స్థిరపడింది. తర్వాత తోక తెగి డిస్కో మిగిలింది. 1977లో 'సాటర్‌డే నైట్ ఫీవర్' సినిమా వచ్చాక న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ క్లబ్బులో కింద నుంచి రంగురంగులుగా వెలిగే నేల, పైన తిరిగే అద్దాల బంతి లోకమంతటా తెలిసిపోయాయి. మన వైపు 1980లో 'కుర్బానీ' వచ్చింది. అందులోని డిస్కో పాట పాడిన పాకిస్తానీ గాయని నాజియా హసన్‌కు అప్పుడు 15 ఏళ్ళు. మీలో కొందరి వయసే. బాణీ కట్టిన బిడ్డు బెంగళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడ్డవారు. 1982లో 'డిస్కో డాన్సర్' వచ్చింది, 1984లో తెలుగులో బాలకృష్ణ 'డిస్కో కింగ్' వచ్చింది. ఆ తర్వాత మన పెళ్ళిపందిళ్ళలో సీరియల్ సెట్ల పక్కన ఈ బంతి కూడా వేలాడింది.

మా తరగతిలో నల్లగొండ జిల్లా తండా నుంచి వచ్చిన అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ నాన్న జవాను. ఇదంతా విని ఆ అబ్బాయి, "మా నాయనమ్మ ఫేటియా నిండా అద్దాలే మేడమ్. ఆమె ఎండలో నడుస్తుంటే గోడ మీద చుక్కలు ఉరికేవి" అన్నాడు. లంబాడీ స్త్రీల పావడాను ఫేటియా అంటారు. అక్కడితో మాకు సగం పాఠం అయిపోయింది. జైపూర్ దగ్గర పనిచేసిన రోజుల్లో పిల్లలను ఆమేర్ కోటలోని శీష్ మహల్‌కు తీసుకెళ్ళేవాళ్ళం. అది 17వ శతాబ్దపు కట్టడం. లాహోర్ కోటలోనూ షాజహాన్ కాలంలో, 1631-32లో కట్టిన శీష్ మహల్ ఉంది. ఆ మహళ్ళలో అద్దాలు గోడకే అతుక్కుని ఉంటాయి, దీపం పట్టుకుని మనం కదలాలి. నాయనమ్మ ఫేటియాలోనూ, డిస్కో బంతిలోనూ అద్దాలే కదులుతాయి, మనం కూర్చుని చూడవచ్చు.

ఇక పనిలోకి వద్దాం. మొదటి ప్రయత్నం చెడిపోయింది. పిల్లలు ఎవరింట్లో ఉన్న లైట్లు వాళ్ళు తెచ్చారు: సీరియల్ సెట్లు, బజారులో దొరికే తిరిగే రంగుల బల్బులు రెండు, ఎవరిదో పుట్టినరోజుకు కొన్న నీలం స్ట్రిప్ లైటు. అన్నీ ఒకేసారి వెలిగించారు. గదిలో వెలుగు ఉంది, అలంకారం మాత్రం లేదు. మిఠాయి కొట్టులా ఉంది. మీరూ ఇంట్లో ఇదే తప్పు చేస్తారు కాబట్టి దీన్ని చెబుతున్నాం. చుక్క కనబడాలంటే చుట్టూ చీకటి కావాలి. అందుకే పట్టపగలు ఆకాశంలో ఉన్న నక్షత్రాలు మనకు కనబడవు. అన్ని దీపాలూ తీసేసి, ఒకే ఒక్క టార్చి ఉంచాం.

(సీరియల్ సెట్టు గురించి ఒక ముక్క. పాత సెట్టులో ఒక బల్బు పోతే మొత్తం వరుస ఆరిపోయేది. ఎందుకంటే బల్బులన్నీ ఒకే దారిలో, ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి. ఇంటి కరెంటు 230 వోల్టులు, ఒక్కో చిన్న బల్బు 6 వోల్టులదైతే వరుసకు సుమారు 38 బల్బులు పెట్టాలి. ఆ ముప్ఫై ఎనిమిదిలో పోయినదేదో వెతకడం మా చిన్నప్పుడు పండగ ముందు రోజు పని.)

బంతికి 15 సెంటీమీటర్ల థర్మోకోల్ గుండు కొన్నాం. దానిమీద అంటించడానికి ముందుగా పాత సీడీలు తెచ్చారు. డిస్కోకు డిస్క్ ముక్కలు, పేరు కుదిరింది గానీ పని కుదరలేదు. సీడీ మీద కంటికి కనబడనంత సన్నని గాడి చుట్లు చుట్లుగా ఉంటుంది. ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ. ఆ గాడుల వల్ల తెల్లని వెలుగు రంగులుగా విడిపోయి పరుచుకుంటుంది. దగ్గరి నుంచి చూడటానికి ఇంద్రధనుస్సులా బాగుంది, అవతలి గోడ మీద మాత్రం చుక్క పడదు, మరక పడుతుంది. పైగా కోస్తే అంచులు కత్తిలా లేస్తాయి. మానేశాం.

తర్వాత రవికలకు కుట్టే గుండ్రని అద్దాలు తెప్పించాం, ఒక్కోటి 1.5 సెంటీమీటర్ల వెడల్పు. ఎన్ని కావాలి? గోళం ఉపరితలం కొలవడానికి వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని 3.14తో గుణించాలి. 15ను 15తో గుణిస్తే 225, దాన్ని 3.14తో గుణిస్తే సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో అద్దం 1.5 సెంటీమీటర్ల గడిలో కూర్చుంటుంది కాబట్టి 2.25 చదరపు సెంటీమీటర్లు తీసుకుంటుంది. భాగిస్తే 314. మా బంతికి మూడు వందలకు కొంచెం తక్కువే పట్టాయి, ఆరో తరగతివాళ్ళు జాగాలు వదిలి అంటించారు మరి. అంటించడం నట్టనడుమ నుంచి మొదలుపెట్టాలి. నడుము వరుసలో 31 అద్దాలు పడతాయి. పైకి, కిందికి వెళ్ళేకొద్దీ చుట్టుకొలత తగ్గిపోతుంది. భూగోళం మీద 60 డిగ్రీల అక్షాంశం దగ్గర చుట్టుకొలత భూమధ్యరేఖలో సగమే. మన బంతి మీద కూడా అంతే, అక్కడి వరుసకు పదిహేను చాలు.

నట్టనడుమ, పట్టపగలు అన్నాం కదా. ఇక్కడ కాసేపు వ్యాకరణం. నడుమ నడుమ, పగలు పగలు అని ఒకే మాట రెండుసార్లు వచ్చినప్పుడు, మొదటి మాటలో తొలి అచ్చు తర్వాత ఉన్నదంతా పోయి ఆ చోట 'ట్ట' వచ్చి కూర్చుంటుంది. దీన్నే ద్విరుక్త టకార సంధి అంటారు. మొట్టమొదట, చిట్టచివర, బట్టబయలు, కట్టకడ, అన్నీ ఈ కుటుంబమే. మాటకు బలం పెరుగుతుంది: నడుమ అంటే మధ్యలో ఎక్కడో ఒకచోట, నట్టనడుమ అంటే కచ్చితంగా అక్కడే.

అయితే గది నట్టనడుమ బంతిని ఎలా వేలాడదీయాలి? అక్కడ ఉన్నది ఫ్యాను కొక్కెం ఒక్కటే. ఫ్యానుకు ఏదీ కట్టకూడదు, ఇంట్లో కూడా కట్టకండి. ఈ ఊళ్ళో ప్రతి మంచానికీ దోమతెర కర్రలు ఉంటాయి. అలాంటి కర్రలు నాలుగు తెచ్చి, బల్లలకు కట్టి, పైన అడ్డంగా ఒక కర్ర వేశాం. దానికి రెండు పేటల దారంతో బంతి కట్టాం. కొన్న బంతులకు నిమిషానికి ఒకటి రెండు చుట్లు తిప్పే చిన్న మోటారు వస్తుంది. మాకు అది లేదు. దారాన్ని ముప్ఫై మెలికలు తిప్పి వదిలేస్తే బంతి తనంతట తానే అటూ ఇటూ తిరుగుతుంది, పక్కన ఒకరు కూర్చుని మెలిక పెడుతుంటే చాలు. ఆ ఉద్యోగానికి ఆరో తరగతిలో బోలెడు పోటీ.

టార్చి విషయంలో ఒక్క జాగ్రత్త ఉంది. నాట్యశాలల్లో ఈ బంతి కోసమే సన్నని వెలుగు వేసే దీపం వాడేవారు. పిన్‌స్పాట్ అని పేరు, 6 వోల్టుల 30 వాట్ల చిన్న దీపం. వెలుగు పక్కలకు చెదరకుండా బంతి మీదే పడాలి. మేము నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి ఎల్‌ఈడీ టార్చి ముందు బిగించాం. టార్చిని బంతికి రెండు మూడు మీటర్ల దూరంలో పుస్తకాల మీద పెట్టాం. రంగు కావాలంటే గొట్టం మూతికి రంగు జిలెటిన్ కాగితం కట్టవచ్చు. పాత రకం వేడెక్కే బల్బుకు మాత్రం కట్టకండి, కాలుతుంది. టప్పుటప్పున కొట్టుకునే స్ట్రోబ్ లైట్లు కూడా మేము వద్దన్నాం. మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి వేగంగా కొట్టుకునే వెలుగు వల్ల మూర్ఛ రావచ్చు. చూడటానికి వచ్చేవాళ్ళలో ఎవరికి ఉందో మనకు తెలియదు కదా.

లైటు తీసేశాం, టార్చి వేశాం, దారం వదిలాం. గోడల మీద, పైకప్పు మీద, అందరి చొక్కాల మీద చుక్కలు నడిచాయి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

బంతి అంత మెల్లగా తిరుగుతుంటే చుక్కలు అంత జోరుగా ఎందుకు పోతున్నాయి? అద్దం ఎంత కోణం తిరిగితే దాని నుంచి వెనక్కి వచ్చే కిరణం అంతకు రెట్టింపు తిరుగుతుంది. వెలుగు పడిన కోణమూ తిరిగి వచ్చిన కోణమూ సమానం అని మీరు సైన్సులో చదివిందే. అద్దం 10 డిగ్రీలు తిరిగితే పడే కోణం 10 మారుతుంది, వచ్చే కోణం కూడా 10 మారుతుంది, మొత్తం 20. బంతి నిమిషానికి ఒక చుట్టు తిరిగితే, మూడు మీటర్ల దూరంలోని గోడ మీద చుక్క సెకనుకు 60 సెంటీమీటర్లకు పైగా నడుస్తుంది. గోడ ఇంకా దూరమైతే ఇంకా వేగం.

అద్దం ఆకారం మారిస్తే చుక్క ఆకారం మారుతుందా? దీన్ని మర్నాడు ఎండలో చూశాం. ఒక సెంటీమీటరు చదరపు అద్దం ముక్కతో ఎండను గోడ మీదికి మళ్ళించాం. దగ్గరి గోడ మీద చదరంగానే పడింది. 10 మీటర్ల అవతల నీడలో ఉన్న గోడ మీద సుమారు 9 సెంటీమీటర్ల గుండ్రని చుక్క పడింది. అది అద్దం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. ముక్క చిన్నదై, గోడ దూరమైతే చుక్క దీపం ఆకారాన్నే తెచ్చుకుంటుంది. కాబట్టి అద్దాలు గుండ్రంగా ఉన్నా, పలకలుగా ఉన్నా, ఒకటి రెండు వంకరగా అంటించినా చింత లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు సూర్యుడి వైపు చూడకూడదు, వెలుగును ఎవరి కళ్ళలోకీ కొట్టకూడదు.

మా అసలు పాఠం మూడో ప్రశ్నతో వచ్చింది. గది బయట బోర్డు మీద ఏం రాయాలి? చుక్కలు ఎలా మెరుస్తున్నాయి అని రాయాలి? ఒకబ్బాయి 'ధగధగ' అన్నాడు. వెంటనే ఇంకొకరు అడ్డుపడ్డారు, ధగధగ నగలకు. నిజమే. తెలుగులో మెరుపుకు ఒక్క మాట లేదు, మెరిసే వస్తువును బట్టి మాట ఉంది. నూనె రాసిన జుట్టు, లేత వంకాయ నిగనిగలాడతాయి. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె తళతళలాడుతుంది. బంగారం ధగధగ మెరుస్తుంది. చిన్నవి, చాలా ఉన్నవి, ఒక్కచోటే ఉండి మెరిసేవి మిలమిల. నూనె అయిపోవచ్చిన దీపం మిణుకుమిణుకుమంటుంది, అందుకే ఆ పురుగుకు మిణుగురు అని పేరు. ఉన్నట్టుండి మెరిసి పోయేది తళుక్కుమంటుంది. కంటికి దెబ్బ కొట్టేలా మెరిస్తే కళ్ళు మిరుమిట్లు గొల్పుతాయి. వీటిలో చాలావి జంటమాటలే అయినా నట్టనడుమ లాంటివి కావు. నడుమ అనే మాట విడిగా ఉంది. తళ, ధగ, నిగ విడిగా నిలవవు, జంటగానే బతుకుతాయి.

ఆరిపోవడానికి కూడా మన భాషలో మర్యాద ఉంది. దేవుడి దగ్గర దీపం ఆరిపోయింది అని పెద్దవాళ్ళు అనరు, కొండెక్కింది అంటారు. టార్చిలో బ్యాటరీ అయిపోయినప్పుడు మా పిల్లలు "మేడమ్, టార్చి కొండెక్కింది" అని అరిచారు. అది తప్పో ఒప్పో మేము తేల్చలేదు.

చివరికి, ఏమీ పెట్టుకోలేదన్న అమ్మాయే 'చుక్కలు' అని ఒక్క మాట చాలు అంది. నక్షత్రమూ చుక్కే, వాన బొట్టూ చుక్కే, ముగ్గుకు పెట్టేదీ చుక్కే. "మా అమ్మ ప్రతి క్వార్టరు ముందూ రోజూ ముగ్గు వేస్తుంది. దానికి ఎవరూ డబ్బు కట్టమనరు" అని కూడా అంది. బోర్డు మీద అదే రాశాం: చుక్కల గది.

వార్షికోత్సవం రోజు జనం బాగానే వచ్చారు. మాకు బహుమతి రాలేదు, పక్కనున్న అస్సామీ గదికి వచ్చింది, వాళ్ళది నిజంగానే బాగుంది. సాయంత్రం గది ఖాళీ చేయడానికి మాకు పది నిమిషాలు పట్టింది. గోడ మీద గీత కూడా లేదు.

మూడు వారాలకు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకు బదిలీ ఉత్తర్వు వచ్చింది, సంవత్సరం మధ్యలో. బంతి ఎవరి దగ్గర ఉండాలి అన్నది తరగతిలో పెద్ద తగువైంది. కొందరు అది బడిది అన్నారు. మోటారు పని చేసిన ఆరో తరగతివాళ్ళు ససేమిరా అన్నారు. ఆ అమ్మాయి వెళ్ళే బడిలో తెలుగు విభాగం లేదని తెలిశాక వాళ్ళే మెత్తబడ్డారు. బంతిని పాత చీరలో చుట్టి, ఇత్తడి బిందెలో దించి, పైన దుప్పటి కుక్కి పంపాం. మాకు ఇంకో థర్మోకోల్ గుండు, మిగిలిన కొద్ది అద్దాలు ఉన్నాయి. ఈసారి జాగాలు వదలకుండా అంటిస్తున్నారు.

పోయిన వారం ఆ అమ్మాయి ఫోను చేసింది. దారిలో తొమ్మిది అద్దాలు ఊడిపోయాయట. కొత్త క్వార్టరులో తన గది గోడకు నడుము ఎత్తు దాకా ముదురు ఆకుపచ్చ రంగు, ఆ పైన తెలుపు. దోమతెర కర్రకే బంతి కట్టుకుందట. తెల్లగోడ మీద చుక్కలు మిలమిల అంటున్నాయి గానీ, ఆకుపచ్చ దగ్గరికి వచ్చేసరికి మిణుకుమిణుకే మేడమ్ అంది.